వాడకట్టుకు వచ్చిన రాక్షసబల్లి

కోరుట్లలో బడులు మూతపడి రెండు వారాలు దాటింది. రెండువేల పదకొండు సెప్టెంబరు నెలాఖరు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె ఊపు మీద ఉంది. డిపోలోంచి బస్సు బయటికి రావడం లేదు. ఆఫీసులకు తాళాలు. సింగరేణిలో బొగ్గు ఆగిపోయి, కరెంటు ఉన్న గంటల కన్నా లేని గంటలే ఎక్కువయ్యాయి. ఒక ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లలకు చెప్పే నౌషీన్ ఆ రోజులన్నీ ఇంట్లోనే గడిపింది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాని పని.

ఆమె భర్త మజర్ లారీ బాడీలు వెల్డింగ్ చేస్తాడు. కరెంటు లేక షెడ్డు మూసినా పొద్దున్నే వెళ్లి దాని ముందే కూర్చునేవాడు. అత్త రాబియా బీ వరండాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. అత్తాకోడళ్లకు మొదటి నుంచీ పడదు. మధ్యలో నౌషీన్ కూతురు, ఐదేళ్ల ముస్కాన్.

ఒకరోజు ముస్కాన్ కత్తెర దొరకబుచ్చుకుని, నానబెట్టి మెత్తబరచిన బీడీ ఆకుల కట్టను అడ్డదిడ్డంగా కత్తిరించేసింది. రాబియా బీ మనవరాలి చెంప మీద ఒక్కటి వేసింది.

“గీ పోరిని సూస్కునుడు చాతనైత లేదా నీకు? బడి బందైతె నీ బుద్ధి గూడ బందైందా?” అని కోడలి మీద విరుచుకుపడింది.

నౌషీన్, ఏడుస్తున్న పిల్ల పిడికిలి విప్పి చూసింది. అందులో ఒక ఆకు ముక్క. పొడుగు మెడ, అంతకన్నా పొడుగు తోక, నాలుగు కాళ్లు.

“ఇదేంది బిడ్డా?”

“పెద్ద బల్లి. నీ బుక్కుల ఉన్నది గదా మమ్మీ, ఇంటికన్న పెద్దది.”

ఆ సాయంత్రమే నౌషీన్ మైదాపిండి, ఉప్పు, ఎర్రమట్టి కలిపి ముద్ద చేసింది. కడిగి ఎండబెట్టిన కోడి ఎముకలను ఒక్కో ముద్దలో ఒక్కొక్కటి దాచి, కోడిగుడ్డు కన్నా పెద్ద గుడ్లు చేసి రేకుల మీద ఎండేసింది. మూడో రోజుకు అవి రాళ్లలా గట్టిపడ్డాయి. అప్పుడు ముస్కాన్‌కు ఒక పాత పళ్ల బ్రష్షు, ఒక మేకు ఇచ్చింది.

“పలుగగొట్టద్దు. మెల్లగ గీకాలె, తోమాలె. లోపల ఏమున్నదో దానికి దెబ్బ తాకద్దు.”

ముస్కాన్ ఒక గుడ్డు మీద గంటసేపు కూర్చుంది. అంతసేపు ఒకచోట కూర్చోవడం ఆ పిల్లకు అదే మొదలు. ఎముక బయటపడగానే కేక పెట్టింది. ఆ కేక విని పక్కింటి పిల్లలు వచ్చారు. మర్నాటికి ఏడుగురయ్యారు. అది కాలి ఎముకా, రెక్క ఎముకా అని వాళ్లు కొట్లాడుకున్నారు. తడిమట్టిలో పాదాలు ముద్రించి, కోడి పాదం పక్కన, మేక గిట్ట పక్కన పెట్టి పోల్చారు. ఏది పెద్ద, ఏది చిన్న, ఎన్ని వేళ్లు, ఎంత లోతు అని లెక్క చెప్పుకున్నారు. రాబియా బీ మాత్రం చాట లోపలి గదిలోకి మార్చుకుంది.

“ఇంట్ల కోడి బొక్కలు, బల్లులు. ఇల్లనుకున్నవా, ఇంకేమన్ననుకున్నవా?” అని గోడ వైపు తిరిగి గొణిగేది.

నౌషీన్ టీచర్ ట్రైనింగ్ చేసేటప్పుడు హైదరాబాదు తీసుకుపోయి మ్యూజియంలో ఒక రాక్షసబల్లి అస్థిపంజరం చూపించారు. నిజమైన ఎముకలు, మన ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర నేలలోంచి తవ్వి తీసినవి. నలభై నాలుగు అడుగుల పొడవు. ఆ సంగతి పిల్లలకు చెబితే వాళ్లకు నలభై నాలుగు అంటే ఎంతో అర్థం కాలేదు. దాంతో మజర్ టేపు, ఒక డబ్బా ముగ్గు తీసుకుని అందరినీ గల్లీలోకి నడిపించింది.

తోక నౌషీన్ వాకిట్లో మొదలైంది. వీపు రెండిళ్లు దాటింది. మెడ మురుగు మోరీ దాటి వంపు తిరిగింది. తల సరిగ్గా తిరుపతి సార్ గేటు ముందు పడింది. పిల్లలు తల నుంచి తోక దాకా అడుగులు లెక్కపెడుతూ పరుగెత్తారు.

తిరుపతి పెగడపల్లి మండలంలో ప్రభుత్వ బడి పంతులు. ఆ వాడకట్టులో సమ్మె పనులన్నీ ఆయనే ముందుండి చూసేవాడు. పొద్దుటి నుంచి దీక్షా శిబిరంలో కూర్చుని, ఎండకు మొహం నల్లబడి అప్పుడే ఇంటికి వస్తున్నాడు. గేటు ముందు ఆగాడు.

“ఏందిది?”

పిల్లల పరుగు ఆగిపోయింది.

“డైనోసార్ సార్,” అంది నౌషీన్. “కొల్తలు నేర్పుతున్న.”

“అంటె బడి నడుపుతున్నవన్నట్టు.”

“బడి గాదు సార్. పిల్లలు ఇంట్ల ఉండుడుతోని సతాయిస్తున్రు. జర ఆటలెక్క…”

“అన్ని బడులు బందు వెట్టినం. జీతాలు ఇడిసిపెట్టి టెంటుల కూసుంటున్నం. నువ్వు నడీ గల్లీల ముగ్గేసి పాఠం చెప్తున్నవ్. రేపు ఇంకోడు ట్యూషనంటడు, ఎల్లుండి ఇంకోడు బడే తెరుస్తడు. సమ్మె ఏమైపోవాలె?”

“మొన్న రోడ్డు మీద వంటావార్పుకు నేను గంపెడు రొట్టెలు కాల్చుకచ్చిన సార్. మీరే తిన్నరు. నాకు తెలంగాణ వద్దా?”

“నా దగ్గర సదువుకున్న పిల్లగాడు తెలంగాణ కోసం పానం తీసుకున్నడు. పాడె నేను మోసిన. రొట్టెల ముచ్చట నాకు చెప్పకు.”

అది నిజమే. ఆ సంగతి గల్లీలో అందరికీ తెలుసు. ఏడాది దాటినా ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. నౌషీన్ మాట్లాడేలోపే తిరుపతి కాలు ముందుకు పెట్టి బల్లి తల మీద చెప్పుతో రుద్దాడు. మొదట కన్ను పోయింది. తర్వాత నోరు. పిల్లలు చూస్తుండగానే మెడ సగం దాకా చెరిపేసి, లోపలికి వెళ్లి గేటు వేసుకున్నాడు.

గేటు సందులోంచి ఆయన కూతురు సింధూజ చూస్తూ ఉంది. ముస్కాన్ ఈడుదే.

మర్నాడు ఏడుగురిలో ఇద్దరే వచ్చారు. మిగతా పిల్లల తల్లులు కనబడ్డచోట తల తిప్పుకున్నారు. సమ్మెను చెడగొట్టే మనిషని శిబిరంలో నౌషీన్ పేరు మైకులో చదివారని ఎవరో వచ్చి చెప్పారు. ఆమె ఇంట్లో ఎముకలతో ఆడిస్తున్నారట, అవి దేని ఎముకలో అని కిరాణం దుకాణం ముందు ఇంకెవరో అన్నారు. ఆ మాట విన్న రోజు మజర్ అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

“ఇగ చాలు. మనకెందుకీ లొల్లి? గీడనే పుట్టినం, గీడనే బతకాలె.”

“నేనేం తప్పు చేసిన?”

“చేసినవన్ననా? చాలన్న, గంతే.”

నౌషీన్ చాలించలేదు. గల్లీలో వద్దంటే సరే అని తలుపు మూసి వెనుక వాకిట్లో మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే ఇప్పుడది పిల్లల కోసం మాత్రమే కాదు. చెప్పు కింద చెరిగిన కన్ను ఆమెకు నిద్రలో కూడా గుర్తొస్తోంది. చెరపడానికి వీలుకానంత పెద్దది కట్టాలనుకుంది.

మేదరివాళ్ల దగ్గర వెదురు బద్దలు తెచ్చింది. కరెంటు వచ్చిన ఒక గంటలో మజర్ నాలుగు ఇనుప చువ్వలు వంచి కాళ్లుగా అతికించి తెచ్చి వాకిట్లో పడేసి పోయాడు. పిల్లలు పాత పేపర్లను చింపి మైదా ఉడికించిన లైలో ముంచి వెదురు మీద అతికించారు. ఒక పొర ఆరాక ఇంకో పొర. పేపర్ల నిండా సమ్మె వార్తలే. బల్లి వీపు మీద రాస్తారోకో, పొట్ట మీద రైల్‌రోకో. పిల్లలకు చదవడం రాదు కాబట్టి అక్షరాలు వెతుక్కున్నారు. ‘త’ ఎక్కడుంది, ‘ల’ ఎక్కడుంది అని వేళ్లతో చూపించుకున్నారు.

రెండోరోజు మధ్యాహ్నం వెనుక తలుపు చప్పుడైంది. తిరుపతి భార్య శోభ, చేతిలో సింధూజ చెయ్యి.

“నౌషీన్, దీన్ని గూడ కూసుండబెట్టుకో చెల్లె. ఇంట్ల ఉంటె టీవీల లాఠీచార్జి సూసి పక్క తడుపుతున్నది. మా ఆయనకు మాత్రం తెల్వద్దు.”

“తెలిస్తె నన్ను బతకనియ్యడు శోభక్కా.”

“నన్ను గూడ.” శోభ నవ్వలేదు.

సింధూజకు తోక అప్పగించారు. ఆ పిల్ల వారం రోజులు రోజూ వచ్చి, ఎవరినీ ముట్టనివ్వకుండా తోక మొత్తం తానే అతికించింది. పూర్తయ్యేసరికి బల్లి మజర్ కన్నా ఎత్తు నిలిచింది. పచ్చ రంగు వేశారు. మూతికి కొబ్బరి చిప్పలు, పళ్లకు చీపురు పుల్లలు. గోడ మీంచి దాని తల గల్లీలోకి కనబడేది. అందరూ చూడాలనే నౌషీన్ అంత ఎత్తు కట్టింది. చూశారు కూడా.

దసరా దాటిన వారంలో ఒకరోజు పదింటికి నౌషీన్ కిరాణానికి వెళ్లింది. పావుగంటలో తిరిగొచ్చేసరికి వాకిలి ఖాళీగా ఉంది. ముస్కాన్ నేల మీద కూర్చుని ఎక్కిళ్లు పెడుతోంది. రాబియా బీ గడపలో నిలబడింది.

“ఏమైంది?”

“తిరుపతి సార్, ఇంకో నలుగురు అచ్చిర్రు,” అంది రాబియా బీ. “చౌరస్తాల కాలవెట్టనీకె దిష్టిబొమ్మ గావాల్నట. తీస్కపోండ్రన్న.”

“నువ్వు ఇచ్చినవా?”

“ఇచ్చిన. పీడ వోయింది.”

“పిల్లలు పది దినాలు కట్టిర్రు దాన్ని! గీ పిల్ల సూస్తుండంగనే ఇచ్చినవా?”

రాబియా బీ గొంతు పైకి లేచింది. “ఇయ్యకుంటె తలుపు తన్ని తీస్కపోదురు! మైకుల నీ పేరు సద్వినంక గూడ నీకు సమజ్ గాలేదా? మనమెవలమని అడ్డం వోవాలె?”

“మనమెవలమో పోయి అడుగుత,” అంది నౌషీన్. చేతిలో సంచీ అక్కడే వదిలి, ముస్కాన్‌ను చంకనెత్తుకుని నడిచింది. గల్లీ మలుపు దగ్గర చిన్న చెయ్యి ఒకటి ఆమె చున్నీ పట్టుకుంది. సింధూజ. చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. వెనుక దూరంగా శోభ, కూతురి పేరు పెట్టి అరుస్తూ వస్తోంది.

చౌరస్తాలో రెండు మూడు వందల మంది ఉన్నారు. డప్పు మోగుతోంది. నడిమధ్యన పచ్చబల్లి నిలబడి ఉంది. మెడలో అట్ట వేలాడుతోంది. ‘ఆంధ్రా సర్కార్’ అని ఎర్ర అక్షరాలు. కిరసనాయిలు వాసన. నౌషీన్ మనుషులను తోసుకుంటూ లోపలికి వెళ్లి, బల్లికీ తిరుపతికీ మధ్యన నిలబడింది.

“సార్, ఇది పిల్లలది. ఇచ్చెయ్యిండ్రి.”

“ఇంటికి వో,” అన్నాడు తిరుపతి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని.

“గీ తురకామెకేం పని గీడ?” అని వెనుక నుంచి ఎవరో అన్నారు.

తిరుపతి గిరుక్కున తిరిగాడు. “నోరు మూయ్! ఎవడురా అన్నది? గామె మనామె. మన గల్లీ ఆమె.” తర్వాత మళ్లీ నౌషీన్ వైపు తిరిగి, అంతే కోపంతో, “నడువ్ ఇంటికి,” అన్నాడు.

“పోను. మెడల ఏం అట్ట కట్టిర్రో తెల్సా మీకు? గిసుంటి జంతువు బొక్కలు మన ఆదిలాబాద్‌ల దొర్కినయ్. మన భూమిలది. దాన్ని ఆంధ్రా సర్కారని కాలవెడుతున్రా?”

ముందు వరసలో ఒకరిద్దరు నవ్వారు. తిరుపతి చెవులు ఎర్రబడ్డాయి.

“గా సంగతి గీడ ఎవలకు దెల్సు?”

“నీకు తెల్వాలె. నువ్వు పంతులువి!” అప్పటిదాకా ‘మీరు’ అన్న నోరు మారింది. “పోరగాండ్లకు చెప్పాల్సినోనివి. దాని తల చెప్పుతోని చెరిపినవ్, ఊకున్న. మైకుల నా పేరు సద్వినవ్, ఊకున్న. గిప్పుడు కాలవెట్టు. నీ బిడ్డ ముంగటనే కాలవెట్టు. గా తోక నీ బిడ్డ చేసింది.”

డప్పు ఆగింది. తిరుపతి కిందికి చూశాడు. సింధూజ నౌషీన్ చున్నీ వదిలి, బల్లి తోకను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. చుట్టూ ఉన్న మొగాళ్ల నడుము ఎత్తు కూడా లేదు ఆ పిల్ల.

“ఇది ఎప్పటిసంది?” అని ఆయన అడిగాడు. అడిగింది నౌషీన్‌ను కాదు, అప్పుడే రొప్పుతూ వచ్చిన శోభను. శోభ తల వంచుకుంది.

వెనుక నుంచి ఎవరో, “సారు బిడ్డనే బడికి వోతుందట!” అన్నారు. ఈసారి చాలామంది నవ్వారు. ఆ నవ్వే చెడగొట్టింది. అదొక్కటి లేకుంటే ఆయన ఏం చేసేవాడో నౌషీన్‌కు తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా తెలియలేదు.

తిరుపతి వంగి కూతురి వేళ్లు ఒక్కొక్కటి విడదీశాడు. పిల్లను ఎత్తి శోభ చేతుల్లో పడేశాడు. “జై తెలంగాణ” అని అరిచాడు. వందల గొంతులు అందుకున్నాయి. అగ్గిపుల్ల గీసి తోకకే ముట్టించాడు.

పేపరు, వెదురు, కిరసనాయిలు. ఎంతసేపని! సింధూజ “నా తోక, నా తోక” అని గుక్కపట్టి ఏడ్చింది. ముస్కాన్ ఏడవలేదు. తల్లి మెడ చుట్టూ చెయ్యి వేసి, కొబ్బరి చిప్పల మూతి కాలి కిందపడే దాకా రెప్ప వేయకుండా చూసింది. నౌషీన్ కూడా కదల్లేదు. పొగ మొహానికి కొట్టినా, జనం పలచబడినా, ఎండలో అలాగే నిలబడింది. చివరికి బూడిదలో నాలుగు ఇనుప కాళ్లు మిగిలాయి. అవి చల్లారాక మజర్ వచ్చి సైకిలుకు కట్టుకుని, వాళ్ల వెనుక నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ రోజు రాబియా బీ మనవరాలి కోసం సేమియా వండింది. పిల్ల ముట్టలేదు. ముసలామె ఆ గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

అక్టోబరు నడుమ టీచర్లు సమ్మె విరమించారు. బడులు తెరిచిన మొదటి రోజే నౌషీన్‌ను కరస్పాండెంట్ తన గదికి పిలిచాడు.

“నీ మీద కాయితం అచ్చిందమ్మా. సమ్మెల పాఠాలు చెప్పినవట. నాకు నీ మీద ఏం లేదు. గని వాళ్లతోని గొడవ నేను పెట్టుకోలేను. వేరే చూస్కో.”

కాగితం కింద తొమ్మిది సంతకాలున్నాయి. మొదటిది తిరుపతిది. చౌరస్తాలో మంటకు ముందు రాసిందా, తర్వాత రాసిందా అని ఆమె తేదీ చూసింది. తర్వాతే రాశాడు.

నవంబరులో జగిత్యాలలో ఒక బడిలో పని దొరికింది. ముస్కాన్‌ను కూడా అక్కడే చేర్చి, రోజూ పొద్దున్నే కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సెక్కేది. తిరుపతిదీ అదే బస్సు. జగిత్యాలలో దిగి పెగడపల్లి బస్సు పట్టుకుంటాడు. రెండు నెలలు ఒకే బస్సులో, ఒకే కిటికీల దుమ్ములో, ఒకరినొకరు చూడనట్టు కూర్చున్నారు. గల్లీలో శోభ మాత్రం ఎప్పుడైనా గోడ దగ్గర ఆగి రెండు మాటలు చెప్పేది. సింధూజ నెల రోజులు తండ్రితో మాట్లాడలేదట. ఇప్పుడు మాట్లాడుతుంది గానీ ఆయన దగ్గర పడుకోదట.

జనవరిలో ఒకరోజు బస్సు కిక్కిరిసి ఉంది. ఉన్న ఒక్క ఖాళీ తిరుపతి పక్కన. నౌషీన్ నిలబడే ఉంది. ముస్కాన్ మాత్రం బ్యాగుతో సహా వెళ్లి ఆయన పక్కన ఎక్కి కూర్చుంది. మెట్‌పల్లి నుంచి వచ్చే కూలీలు, కాలేజీ పిల్లలు, అందరూ ఉన్నారు. ముస్కాన్ ఆయన మొహంలోకి చూసి, బడిలో ప్రశ్న అడిగినట్టు గట్టిగా అడిగింది.

“సార్, మా డైనోసార్‌ను ఎందుకు కాలవెట్టినవ్?”

నౌషీన్ పిల్లను లాగబోయి ఆగింది. జవాబు తనకూ కావాలి. ఉద్యమమంటాడు, త్యాగమంటాడు, నీకు తెల్వదంటాడు. వీటన్నిటికీ ఆమె దగ్గర మూడు నెలలుగా మాటలు సిద్ధంగా ఉన్నాయి.

తిరుపతి కిటికీ బయటికి చూశాడు.

“అందరు నవ్విర్రు బిడ్డా,” అన్నాడు.

అంతే. ఆమె సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. జాలి కలగలేదు. కోపం పోలేదు. పైగా ఇంకా పెరిగింది, ఇంత చిన్న దానికా అని.

“నవ్వితె కాలవెడ్తరా?” అంది ముస్కాన్.

బస్సు జగిత్యాల బస్టాండులోకి తిరిగింది. జనం లేచారు. పిల్ల దిగడానికి వీలుగా తిరుపతి కాళ్లు పక్కకు జరిపి, బ్యాగు పట్టీ సీటు కమ్మీకి చిక్కుకుంటే విడదీశాడు. నౌషీన్ ఆయన చేతిలోంచి ఆ పట్టీ లాక్కుని, కూతురి చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయింది. బడిలో మొదటి గంటకు ఇంకా పది నిమిషాలే ఉన్నాయి.